మురళి పాడిన చివరి డమ్మీ

నేను రైల్వే స్కూల్లో ఇరవై రెండేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. ఖాళీ క్వార్టర్లో ఎవరో నడుస్తున్నారని పిల్లలు భయపడితే, వెళ్లి కిటికీ రెక్క చూసి రమ్మనేదాన్ని. ప్రతిసారీ అది కిటికీ రెక్కే అయ్యేది. దెయ్యాలున్నాయని అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్ముతున్నానని చెప్పలేను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మా తమ్ముడు మురళి ఇక్కడి లోకో షెడ్‌లో పనిచేసేవాడు. డ్యూటీ లేనప్పుడు ఈ ప్రాంతపు ఛత్తీస్‌గఢీ ఆల్బమ్ పాటలకి డమ్మీ పాడేవాడు. పేరున్న గాయకుడు విని నేర్చుకోవడానికి ముందుగా ఇంకొకరి చేత పాడించి ఉంచుతారు. అదే డమ్మీ. అసలు గాయకుడు పాడాక దాన్ని తీసేస్తారు. పాడినవాడి పేరు ఎక్కడా ఉండదు.

మార్చిలో ఒక మధ్యాహ్నం, రెండు దాటాక, ఊరి చివర లాల్‌ఖదాన్ దగ్గర పట్టాలు దాటుతూ గూడ్సు బండి కింద పడి చనిపోయాడు. మా ఇల్లు పట్టాలకి అవతల. మేమందరం అక్కడే దాటుతాం. చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉన్నాయి. తను హారన్ కొడుతూనే ఉన్నానని, మనిషి మాత్రం కదల్లేదని డ్రైవరు రాసిచ్చాడు.

కదల్లేదు అన్న ఆ మాట మా అమ్మని పట్టుకుంది. అంతకు నెల ముందే వాడికి కుదిరిన సంబంధం తప్పిపోయింది. ఎప్పుడూ పెద్దగా మాట్లాడేవాడు కాదు, ఆ తర్వాత ఇంకా తగ్గించాడు. పలకరించడానికి వచ్చినవాళ్లు పైకి అనలేదు గాని, ఆ అనుమానం అందరికీ ఉంది. అమ్మ మాత్రం రోజూ అన్నం వడ్డిస్తూ నన్ను అడిగేది.

"ఆడు కావాలని సేసుకోలేదు గదే?"

కాదని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు. తెలియదని చెప్పడానికి నోరు రాదు. మజ్జిగ పొయ్యమనేదాన్ని.

జులైలో స్కూలుకి వెళ్తుంటే ఆటోలో ఒక కొత్త పాట వచ్చింది. పాడింది ఇక్కడ అందరికీ తెలిసిన గాయకుడే. రెండో చరణం చివర, పై స్థాయికి వెళ్లేముందు, సన్నని ఈల లాంటి ఊపిరి ఒకటి వినిపించింది. చిన్నప్పుడు నేను తోసేస్తే మురళి గుమ్మం మీద పడి ముందు పన్ను విరగ్గొట్టుకున్నాడు. వాడు గట్టిగా ఊపిరి తీస్తే ఆ సందులోంచి అలాగే వినిపించేది. దాని తర్వాత వచ్చిన ఆ ఒక్క లైనూ వాడి గొంతే.

ఇంటికొచ్చి పోలీసులిచ్చిన కవరు తీశాను. వాడి జేబులో దొరికిన కాగితం మీద హిందీ అక్షరాల్లో అదే పాట ఉంది. వెనకవైపు ఒక ఫోన్ నంబరు. నాలుగు నెలలుగా ఆ కాగితం నా బీరువాలోనే ఉంది.

ఆ నంబరు సాహూ అనే అతనిది. ఈ ఊళ్లోనే కుదుదండ్‌లో ఒక ఇంటి మేడ మీద రెండు గదుల్లో స్టూడియో నడుపుతున్నాడు. ఫోన్ చేసి మురళి అక్కనని చెప్పాను. శనివారం మధ్యాహ్నం రమ్మన్నాడు. అంతకుముందు నేనెప్పుడూ అక్కడికి వెళ్లలేదు. మురళి రమ్మనలేదు, నేనూ వస్తాననలేదు.

వానకి ఆ సందంతా బురద. మెట్ల దగ్గర నా ఎడమకాలి చెప్పు తెగిపోయింది. చేత్తో పట్టుకుని పైకెక్కి, సాహూ వెనకాల ఉన్న కుర్చీలో కూర్చుని, చెప్పు నేల మీద పెట్టాను. ఎదురుగా అద్దం. అద్దం అవతల పాడే గది.

సాహూ ఏదీ దాచలేదు. గాయకుడికి ఆ లైను ఎంతకీ అందకపోతే, డమ్మీలోంచి తీసి అతికించాడట. "గల్తీ హో గయీ, దీదీ" అని తప్పు ఒప్పుకున్నాడు. నేను అందుకు రాలేదని, వాడు చివరిసారి పాడినదంతా వినాలని చెప్పాను. ఆ గొంతులో ఏముందో తెలిస్తే అమ్మకి ఏదో ఒక జవాబు చెప్పొచ్చు.

ఫైలు మీద తేదీ వాడు పోయిన రోజుదే. టైము ఒంటిగంటా పది. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను.

బాగా పాడాడు. దిగులుగా ఉన్న గొంతు కాదది. రెండో చరణం అయ్యాక ఆగి, చిన్నగా నవ్వి, తెలుగులో మాట్లాడాడు. మా ఇళ్లలో అక్కని అప్ప అంటారు.

"ఏటప్పా, సెప్పు తెగిపోనాదా? సేత్తో అట్టుకొచ్చీసినావు."

తర్వాత నిశ్శబ్దం. ఎవరో ఏదో చెబుతుంటే వింటున్నట్టు మధ్యలో రెండుసార్లు ఊఁ కొట్టాడు.

"సరే. ఇదవగానే ఇంటికొచ్చెత్తాను. అన్నం ఎట్టమని అమ్మకి సెప్పు. తలుపు గెడ ఎయ్యొద్దను."

ఎవరితో మాట్లాడుతున్నావని సాహూ హిందీలో అడగడం కూడా అందులో ఉంది. మురళి మళ్లీ పాట అందుకున్నాడు.

అద్దం వైపు చూడటానికి భయమేసి నేల వైపు చూశాను. అక్కడ తెగిన చెప్పు ఉంది.

సాహూకి తెలుగు రాదు. ఆ రోజు అక్కడ తామిద్దరమే ఉన్నామని నేను అడగకుండానే చెప్పాడు. మురళి నేను కూర్చున్న కుర్చీ వైపే చూస్తూ మాట్లాడితే, తనూ వెనక్కి తిరిగి చూశాడట. "కుర్సీ ఖాలీ థీ, దీదీ" అన్నాడు, కుర్చీలో ఎవరూ లేరట. మురళి తెలుగులో ఏమన్నాడని నన్ను అడిగాడు. అన్నం సంగతి అని చెప్పి లేచి నిలబడ్డాను.

గొంతుని యంత్రంతో తయారు చేయొచ్చని మా స్కూలు పిల్లలే చెబుతుంటారు. కానీ నా చెప్పు తెగింది మెట్ల దగ్గర. నేను లోపలికి వెళ్లిన దగ్గర్నుంచి సాహూ నా కళ్లముందే ఉన్నాడు. మురళి ఫోన్‌లో మాట్లాడాడా అంటే, ఫోన్లు బయట పెట్టించాకే రికార్డు చేస్తారట. వాడికి ఇంకో అప్ప లేదు.

వీటికన్నా నన్ను భయపెట్టేది వేరే ఉంది. వాడు ఊఁ కొట్టాడు. అంటే నేనేదో చెప్పాను. ఏం చెప్పానో నాకు తెలియదు. పట్టాల దగ్గర జాగ్రత్త అని చెప్పానో లేదో తెలియదు. పట్టాల మీద కూడా నేను కనిపించానేమో, నాకేసి చూస్తూ నిలబడిపోయాడేమో అన్న దగ్గర ఆలోచన ఆపేస్తాను.

ఆ సాయంత్రం అమ్మకి చెప్పాను. ఇంటికొచ్చేస్తాను, అన్నం పెట్టమనాలి అని స్టూడియోలో అన్నాడట అని. అమ్మ చాలాసేపు ఏడ్చింది. మళ్లీ ఎప్పుడూ ఆ ప్రశ్న అడగలేదు.

తలుపు సంగతి నేను చెప్పలేదు.

మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం రెండున్నరకి, ఆ రోజు వాడు ఇల్లు చేరాల్సిన వేళకి, అమ్మ లేచి వెళ్లి, తలుపు గడియ తీసి వచ్చి కూర్చుంది. ఎందుకని అడిగాను.

"ఏటో, ఉండనీ" అంది.

తల్లి కాబట్టి అలా చేసిందని సరిపెట్టుకోవచ్చు. మిగతావాటికి ఎలా సరిపెట్టుకోవాలో నాకింకా తెలియలేదు.

ఇప్పుడు రోజూ అంతే. ఆ గడియ నేను మళ్లీ వేయను. కానీ ఆ వేళకి తలుపుకి ఎదురుగా కూర్చోలేను. వీపు పెట్టీ కూర్చోలేను.