ఈశాన్యం పల్లం

నేను కాపురానికి వెళ్ళిన ఏడాదే మా మామగారు రిటైరయ్యారు. కాలవల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి, ఉద్యోగమంతా గట్ల మీదా తూముల దగ్గరా గడిపిన మనిషి. ఇంటిపట్టున కూర్చోవడం ఆయనకి చేతకాలేదు. అరుగు మీద పేపరు చదివీ చదివీ విసుగొచ్చి, ఒకరోజు పెరటి వెనకున్న అరెకరం వైపు చూశారు.

కోనసీమలోని మా అత్తవారి ఊళ్ళో ఆ అరెకరాన్ని అందరూ గుంట అనేవారు. వానాకాలంలో మోకాలి లోతు నీళ్ళు, మిగతా కాలంలో తుంగ, సర్కారు తుమ్మ. పగలు కూడా అటు వెళ్ళాలంటే చప్పట్లు కొట్టుకుంటూ వెళ్ళాలి, పాములు పక్కకి తప్పుకోవడానికి. "దీన్ని చదును చేసి కొబ్బరి వేస్తున్నాను" అని మామగారు ప్రకటించారు. మా ఆయనకి రాజమండ్రిలో ఉద్యోగం, ఆదివారాలే వచ్చేవారు. అందుకని ఆ ప్రకటన విన్నది అత్తయ్యగారూ నేనూ మాత్రమే.

పక్క ఊళ్ళో చేపల చెరువులు తవ్వుతున్న పొక్లెయిన్‌ని పిలిపించి తుమ్మ మొద్దులు పీకించారు. ఊరంతా చూడ్డానికి వచ్చింది. ఒక మొద్దు వేళ్ళలో ఇత్తడి చెంబు ఒకటి ఇరుక్కుని పైకొచ్చింది. అత్తయ్యగారు పరుగున వెళ్ళి దాన్ని కొంగులో దాచేసి నా చెవిలో అన్నారు: "అమ్మాయ్, ఇది మీ మామయ్యగారి చెల్లెలు పట్టుకుపోయిందని ఇన్నేళ్ళూ చుట్టాలందరికీ చెప్పాను. నువ్వు చూడలేదు."

నేను చూడలేదు.

ఆ తరువాత, ముందువైపు బ్లేడు కట్టిన ట్రాక్టరు వచ్చింది, నేల చదును చెయ్యడానికి. అసలు తగువు అక్కడ మొదలైంది. పొలాల నీళ్ళని గోదావరిలోకి దింపే మురుగు కాలవ మా గుంటకి నైరుతి మూల పక్కనుంచి పోతుంది. కాబట్టి నేల నైరుతికి వాలుగా ఉంటే వాననీరు దానంతటదే కాలవలోకి జారిపోతుందని మామగారి లెక్క. కానీ అవి వాస్తు జ్వరం ఊపందుకున్న రోజులు. మా వీధిలోనే ఒకాయన గుమ్మం మూయించి కిటికీలోంచి రాకపోకలు సాగిస్తున్నాడు. అత్తయ్యగారు ఎవరినో అడిగి వచ్చారు. ఈశాన్యం పల్లంగా ఉండాలి, నైరుతి మెరకగా ఉండాలి. తిరగబడితే ఇంటి యజమానికి మంచిది కాదుట.

"నీరు పల్లమెరుగు అన్నారు గానీ వాస్తు ఎరుగు అనలేదోయ్" అన్నారు మామగారు.

అత్తయ్యగారు మారు మాట్లాడలేదు. ఆవిడ మాట్లాడకపోతే ఒప్పుకున్నారనుకోవడం మామగారికి పెళ్ళైనప్పటినుంచీ ఉన్న పొరపాటు.

పొద్దున్నంతా మామగారు గొడుగేసుకుని నిలబడి మట్టిని ఈశాన్యానికి తోయించారు. మధ్యాహ్నం భోంచేసి పడుకున్నారు. ఆయన గురక అందుకోగానే అత్తయ్యగారు అదే గొడుగుతో బయటికెళ్ళారు.

"అబ్బాయ్, ఆ మట్టంతా మళ్ళీ అటు తోసెయ్."

"అదేంటండి అమ్మగారూ? అయ్యగారు ఇటు తొయ్యమన్నారు కదండీ."

"ఆయనే చెప్పమన్నారు."

"ఆయ్, అలాగేనండి. మట్టి మీది, మాట మీది, నాదేవుందండీ."

మర్నాడు మామగారు నీళ్ళు నింపిన సన్నటి ప్లాస్టిక్ గొట్టం పట్టుకొచ్చారు, మట్టం చూడ్డానికి. ఒక కొస నా చేతికిచ్చి నైరుతి మూలకి పంపించి, రెండో కొస పట్టుకుని ఈశాన్యంలో నిలబడ్డారు. చూసి, గొట్టం దులిపి, మళ్ళీ చూశారు.

"అమ్మాయ్, నువ్వేమైనా బుట్ట మీద ఎక్కావా?"

"లేదండీ, నేల మీదే ఉన్నాను."

"రాత్రికి రాత్రి నైరుతి పైకి లేచిందేంటి మరి?"

వంటింటి గుమ్మంలోంచి అత్తయ్యగారు నన్నే చూస్తున్నారు. "కొత్త మట్టి కదండీ" అన్నాను. ఆయన తల పంకించి, కొత్త మట్టి కూరుకుపోవడం గురించి నాకు చాలాసేపు పాఠం చెప్పారు. పాఠమంతా కూరుకుపోవడం గురించే గానీ లేవడం గురించి కాదు. ఆ సంగతి ఆయన గమనించలేదు, నేను గుర్తు చెయ్యలేదు. ట్రాక్టరబ్బాయి మాత్రం అటు తిరిగి భుజాలు కదిలేలా దగ్గాడు.

అలా మా మట్టి పొద్దున్న ఒక మూలకీ మధ్యాహ్నం ఇంకో మూలకీ ప్రయాణాలు చేసింది. చివరికొక మధ్యాహ్నం కరెంటు పోయి ఫ్యాను ఆగింది. మామగారికి మెలకువ వచ్చింది. తువ్వాలుతో విసురుకుంటూ పెరట్లోకి వచ్చేసరికి, అత్తయ్యగారు గొడుగు మడిచి ట్రాఫిక్ పోలీసులా దారి చూపిస్తున్నారు.

"ఇటు రా!" అని ఆయన అరిచారు.

"అటు పోనీ!" అని ఆవిడ అరిచారు.

ట్రాక్టరు నడిమధ్యలో ఆగింది. అబ్బాయి కిందికి దిగి, "మీరిద్దరూ ఒక మాట అనుకోండి బాబూ, నేను ఈలోగా టీ తాగొస్తాను" అని వెళ్ళిపోయాడు.

వాళ్ళు ఆ ఒక్క మాట అనుకునేలోపే కుంభవృష్టి మొదలైంది. ముగ్గురం వసారాలోకి పరిగెత్తాం. తగువు మాని ఇద్దరూ చూరు కింద నిలబడి నీళ్ళు ఎటు పోతాయా అని చూశారు. నీళ్ళు ఈశాన్యానికీ పోలేదు, నైరుతికీ పోలేదు. నాలుగు వైపుల నుంచీ వచ్చి నట్టనడుమ కూర్చున్నాయి. వాన వెలిసేసరికి గుంట ఎప్పటికంటే గుండ్రంగా ఉంది, అందులో పక్కింటివాళ్ళ బాతులు ఈదుతున్నాయి.

మామగారు కోపంతో పక్కకి తిరిగితే అత్తయ్యగారు కళ్ళొత్తుకుంటున్నారు. "నైరుతి పల్లమైతే మీకే చేటంటండి. మీకేమన్నా అయితే ఆ కొబ్బరికాయలు నేనేం చేసుకోను?"

ఆయన మళ్ళీ బాతుల వైపు తిరిగారు. "ముందే ఆ ముక్క చెప్పొచ్చుగా" అని గొణిగారు.

మర్నాడు ఆయనే దగ్గరుండి నేలని ఈశాన్యానికి వాలుగా చేయించారు. ఆ మూల ఒక గొయ్యి తవ్వించి, అందులోంచి భూమిలోపల సిమెంటు పైపులు వేయించి, గోడ వెంబడి చుట్టూ తిప్పి నైరుతిలో మురుగు కాలవకి కలిపించారు. "నీళ్ళు ముందు ఈశాన్యానికెళ్ళి దణ్ణం పెట్టుకుని, ప్రదక్షిణం చేసి అప్పుడు కాలవలోకి పోతాయి, సరేనా?" అన్నారు. అత్తయ్యగారు సరేనన్నారు. కొబ్బరి మొక్కలు నాటాం. దాదాపు అన్నీ బతికాయి.

ఆ ఏడు గోదావరి పొంగినప్పుడు మురుగు కాలవ నిండి, నీళ్ళు పైపుల్లోంచి వెనక్కి తన్నాయి. తెల్లారి చూస్తే ఈశాన్యం గోతిలో కొర్రమీన్లు తిరుగుతున్నాయి. అత్తయ్యగారు బుట్టతో దిగి, "చూశారా ఈశాన్యం మహిమ!" అని కేకేశారు.

"మహిమా కాదు, మట్టీ కాదు. ఎదురుపోటు! పైపుకి ఇనప తలుపు పెట్టించాలి."

"పెట్టించండి. ముందు పులుసు తినండి."

ఆయన పులుసు రెండోసారి వడ్డించుకుని తిన్నారు. మాటిచ్చినట్టే తలుపు కూడా పెట్టించారు. కానీ ఏటా వానలు మొదలయ్యేసరికి అది బార్లా తెరిచే ఉండేది. ఎవరు తెరిచారని ఆ ఇంట్లో ఎవరూ అడిగేవారు కాదు.