ఏకాంబరం సారు ముందు చావడం కష్టం

మా ఏకాంబరం సారు దేన్నీ చచ్చిపోయిందని ఒప్పుకోరు. అలాంటి మనిషి ఇంకే ఉద్యోగమైనా చేసుకోవచ్చు. ఆయన మాత్రం తిరుపతిలో, మా పక్క ల్యాబులో కూర్చుని, కణాలు ఎలా చస్తాయన్న విషయం మీదే జీవితమంతా పరిశోధన చేస్తున్నారు.

ఆయన స్కూటరు ప్రాణం విడిచి చాలా కాలమైంది. మెకానిక్ గురప్ప ఆ మాట మొహం మీదే అన్నాడు.

"ఇంజను సచ్చిపోయింది సార్. పాతసామాన్లోళ్లకి ఏసేయండి."

"సచ్చిపోయిందని ఎవరు సెప్పినారప్పా? అలిసిపోయినట్టుండాది."

ఆ అలసట తీరేదాకా దాన్ని తోసుకుంటూనే ల్యాబుకు వస్తున్నారు. వచ్చాక తాళం కూడా వేస్తారు, ఎవరైనా తోలుకుపోతారని!

ఒకసారి శ్రీకాళహస్తిలో బంధువు పోతే పరామర్శకు వెళ్ళి, "డాక్టరు సరిగ్గా సూసినాడా?" అని అడిగారట. అప్పటినుంచి ఆయన భార్య శకుంతలమ్మ గారు పరామర్శలకు ఒక్కరే వెళ్తున్నారు.

చావు విషయంలో ఆయన నమ్మేది ఒక్కదాన్నే, ఫ్రిజ్‌లో ఉన్న ఓ యాంటీబాడీని. కణం చావడానికి సిద్ధపడితే దాని లోపల ఒక ప్రోటీన్ తెగుతుంది. ఈ యాంటీబాడీ ఆ తెగిన ముక్కనే వెతికి పట్టుకుంటుంది. అప్పుడు పరీక్షలో వాడే ఎక్స్‌రే ఫిల్ము మీద నల్లగీత పడుతుంది. గీత ఉంటే చావు, లేకపోతే లేదు. ఆ చిన్న సీసాను ఐసులో పెట్టుకుని సారు నడిచి వస్తుంటే మేమంతా పసిబిడ్డకు దారిచ్చినట్టు పక్కకు తప్పుకోవాలి.

సీసా మీద గడువు ఎప్పుడో దాటిపోయింది. ఆ మాటే అన్నాను.

"తేదీ మనం సదివినాం గానీ, అది సదవలేదు కదప్పా!" అన్నారు.

ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న పిల్ల రేవతి. వాళ్ళది చిత్తూరు. మామిడాకుల నుంచి తీసిన మందు క్యాన్సర్ కణాలను చంపుతుందని నిరూపించాలి. థీసిస్‌కు నెలాఖరే గడువు, ఇక పొడిగించరు. సరిగ్గా అప్పుడే వాళ్ళ నాయన ఆసుపత్రి పాలయ్యాడు. పాపం, ఆ పిల్ల పొద్దున కణాలకు మందు పోసి చిత్తూరు బస్సెక్కేది. మరునాడు వచ్చి పరీక్ష చేసేది. ఎన్నిసార్లు చేసినా గీత పడలేదు.

"మీ యాంటీబాడీ సచ్చిపోయింది సార్," అంది చివరికి.

"ఎవరు సెప్పినారు?" అని సారు లేచారు. కచ్చితంగా చచ్చిన కణాలను తెప్పించి, దగ్గరుండి పరీక్ష చేయించారు. కాటుక దిద్దినట్టు గీత పడింది. సారు ముఖం వెలిగిపోయింది. రేవతి ముఖం వాడిపోయింది. ఆమె సంచి సర్దుకోవడం మొదలుపెట్టింది.

"యాడికి మ్మా?"

"ఊరికి సార్. నా పరిశోధన సచ్చిపోయింది."

"సచ్చిపోయిందని ఎవరు సెప్పినారు?"

"మీ యాంటీబాడీనే సార్."

సారు సీసాను ఐసులోంచి తీసి, దాని మీద తేదీ మళ్ళీ ఒకసారి చదువుకున్నారు.

రేవతి కళ్ళు తుడుచుకుంది. "మందు పోసి పోతాను. తెల్లారి వచ్చి సూస్తే కణాలు కులాసాగా ఉంటాయి. మీడియం కూడా ఎర్రగా మెరస్తా ఉంటాది."

నాకు అనుమానం వచ్చింది. మీడియం అంటే కణాలు బతికే ఎర్రటి ద్రవం, వాటి తిండి. మందు కలిపేదీ అందులోనే. పాతబడే కొద్దీ అది పసుపు రంగుకు తిరగాలి. అలా మెరవాలంటే ఎవరో మార్చి ఉండాలి.

సారు వైపు చూశాను. ఆయన సీలింగ్ ఫ్యాను వైపు చూస్తున్నారు.

"సార్?"

"సాయంత్రం సూస్తే కణాలన్నీ ముడుసుకోని సస్తా ఉండాయప్పా," అన్నారు చిన్నగా. "నాయన కాడికి పోయే తొందర్లో పిల్ల తిండి పెట్టేది మర్సిపోయిందేమో అనుకున్నాను. కడిగేసి కొత్త మీడియం పోసినాను."

"ప్రతిసారీనా సార్?" అంది రేవతి.

"మరి ప్రతిసారీ సస్తా ఉండాయి కదమ్మా!"

"నాకు ఒక మాట సెప్పకూడదా సార్?"

"ఆసుపత్రిలో నాయన్ని పెట్టుకోనుండే పిల్లను, కణాలకు తిండి ఎందుకు పెట్టలేదని ఎట్ల అడిగేది?"

రేవతికి కోపం రావాలి. రాబోయింది కూడా. అంతలో ఆమెకు అసలు సంగతి తట్టింది.

"అంటే... నా మందు పని చేస్తా ఉండాది సార్!"

మళ్ళీ మొదటి నుంచి చేశాం. ఈసారి కణాల గది తాళం నా దగ్గర పెట్టుకున్నాను. సారు బయట స్టూలు మీద కూర్చుని, నేను తలుపు తీసినప్పుడల్లా అడిగేవారు.

"ఎట్లుండాయప్పా?"

"బాగా చస్తున్నాయి సార్."

"అయ్యో!" అనేవారు. వెంటనే, "మంచిది, మంచిది," అని సర్దుకునేవారు.

ఫిల్ము మీద నల్లటి గీత పడింది. సారు దాన్ని వెలుగులో పెట్టి చాలాసేపు చూశారు.

"సచ్చిపోయినాయి మ్మా," అన్నారు. ఆ నోటి వెంట ఆ మాట వినడానికి ల్యాబు ల్యాబంతా తలుపు దగ్గరకు వచ్చింది.

థీసిస్ గడువులోగా వెళ్ళింది. వాళ్ళ నాయన కూడా కోలుకుని ఇంటికొచ్చాడు. మరునాడు రేవతి ఒక డిష్షు తెచ్చి సారు చేతిలో పెట్టింది. అడుగున కణాలు, పైన ఎర్రటి మీడియం.

"వీటికి నేను మందు పోయలేదు సార్. పోయను కూడా. ఇవి మీకే. మీడియం మాత్రం మారస్తా ఉండండి."

సారు డిష్షును రెండు చేతులతో అందుకున్నారు.

"అది నువ్వు నాకు సెప్పల్నా మ్మా!"