తల్లుల వరుసలో మొదటి కుర్చీ

ఆ తల్లి నన్ను అడిగింది. రెండుసార్లు అడిగింది. అడగలేదని నేను చెప్పాను. ఆ అబద్ధం వల్ల ఆమె ఏం పోగొట్టుకుందో ఎనిమిది నెలలపాటు నా కెమెరాలోంచి నెలనెలా చూశాను. చూసి కూడా నోరు విప్పలేదు.

నేను పసిపిల్లల ఫొటోలు తీస్తాను. కొండాపూర్‌లో చిన్న స్టూడియో. హైటెక్ సిటీ ఆఫీసుల్లో పనిచేయడానికి వచ్చిన ఫిలిప్పీన్స్ కుటుంబాలు కొన్ని ఖాజాగూడ దగ్గర ఒకే అపార్ట్‌మెంట్లలో ఉంటాయి. ఎవరో తెలుగు సహోద్యోగి ఇంట్లో బారసాలకు నేను తీసిన ఫొటోలు చూసి నన్ను పిలిచారు. నెలకో ఆదివారం వాళ్ళంతా క్లబ్‌హౌస్‌లో కలుస్తారు. తలా ఒక వంట తెస్తారు. వెల్లుల్లి, వెనిగర్ కలిసిన ఒక పుల్లటి వాసన, అన్నం ఆవిరి, మైకు పట్టుకుని ఎవరో ఒకరు నింపాదిగా పాడే పాట.

ఆ హాలుకు ఒక పక్కంతా అద్దమే. బయట ఖాజాగూడ రాళ్ళు, వాటి వెనక ఎత్తయిన ఆఫీసులు, ఆ ఆఫీసుల అద్దాల్లో కదిలిపోయే మబ్బులు. పదకొండు గంటల వెలుగు తెల్లటి తెరల్లోంచి వడగట్టుకుని వచ్చి తల్లుల భుజాల మీద, పిల్లల పల్చటి జుట్టు మీద వాలేది. అక్కడికి వెళ్తే నిద్రలో నడుస్తున్నట్టే ఉండేది నాకు. ఎవరి మాటా అర్థం కాదు, అర్థం కావాలనీ అనిపించదు. పిల్లలు ఒక ఒడిలోంచి ఇంకో ఒడిలోకి, నీటి మీద ఆకుల్లా, మారుతూ ఉండేవాళ్ళు.

భోజనాలకు ముందు ఒక ఫొటో తప్పనిసరి. తల్లులందరూ పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని వరసగా కూర్చోవాలి. అందరికంటే చిన్న బిడ్డ తల్లిది కిటికీ పక్కన మొదటి కుర్చీ. ఆ ఫొటో సముద్రం దాటి వాళ్ళ ఊళ్ళకు వెళ్తుంది. నెలనెలా అవే కుర్చీలు, అదే వెలుగు, పిల్లలు మాత్రం కొంచెం కొంచెం పెద్దవుతుంటారు.

ఒక నెల ఆ మొదటి కుర్చీలో కూర్చున్నది ఒక సన్నటి అమ్మాయి. పాపకు నాలుగో నెల.

ఆ పొద్దున నాకు జ్వరం. నా భార్య చొక్కా గుండీలు పెట్టుకోనివ్వలేదు. "ఏవండీ, ఒళ్ళు కాలిపోతోంది. అక్కడంతా పసిపిల్లలు. ఇవాళ్టికి మానెయ్యండి" అంది. మానేస్తే ఇంకొకణ్ణి పిలుస్తారని భయం. ఆ హాలు ఇంకొకడిదైపోతుందని అసూయ కూడా. మాత్ర మింగి, తగ్గిపోయిందని చెప్పి బయల్దేరాను.

జ్వరంలో ఆ వెలుగు ఇంకా మెత్తగా కనిపించింది. పసిపిల్లల్ని నవ్వించడానికి నాకో అలవాటు ఉంది. దగ్గరగా వంగి నుదుటి మీద మెల్లగా ఊదుతాను. కళ్ళు టపటపలాడిస్తారు, తర్వాత నవ్వుతారు. ఆ పాపకూ ఊదాను. నవ్వింది. "ఎంత ముద్దుగా ఉందో" అన్నాను, ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లీషులో.

అప్పుడు అడిగింది ఆ తల్లి. వాళ్ళకీ మన దిష్టి లాంటిది ఉంది, ఊసోగ్ అంటారు. కొత్తవాళ్ళు పలకరించినా మెచ్చుకున్నా బిడ్డకు సుస్తీ చేస్తుందట. మనం అయితే మనింట్లోనే ఉప్పు, మిరపకాయలు దిగదుడిచి పడేస్తాం. వాళ్ళకు విరుగుడు ఆ మెచ్చుకున్న మనిషి దగ్గరే ఉంటుంది. అతను బొటనవేలు ఉమ్మితో తడిపి బిడ్డ పాదానికి అద్దాలి. ఆమె సిగ్గుపడుతూ, పక్కవాళ్ళకు వినబడనంత మెల్లగా, మీరేమీ అనుకోకపోతే అంటూ అడిగింది. నేను నవ్వి కెమెరా వైపు తిరిగాను. పాప సాక్సు తీసి, పాదం చేత్తో పట్టుకుని మళ్ళీ అడిగింది. పరవాలేదు, పరవాలేదు అంటూ లెన్సు మార్చుకున్నాను. జ్వరం ఉన్నవాడి ఉమ్మి పసిపాపకు తగలకూడదని తెలుసు నాకు. ఉమ్మి పెట్టలేదు సరే, అంతకు ముందే ఊపిరి ఊదానన్న సంగతి మాత్రం ఆ నిమిషంలో తలచుకోదలచలేదు. ఆమె నెమ్మదిగా సాక్సు తొడిగేసింది.

నాలుగు రోజులకు వాళ్ళింట్లో పనిచేసే ఆయమ్మ ఫోన్ చేసింది. ఆమెది శేరిలింగంపల్లి. పాపను చూసుకోవడానికి ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన నానమ్మ కూడా ఆ ఇంట్లోనే ఉంటుంది; ఆ ఆదివారం మాత్రం ఆమె క్లబ్‌హౌస్‌కు రాలేదు. వాళ్ళ భాషలో లోలా అంటే అమ్మమ్మయినా నానమ్మయినా ఒకటే. ఇంటిల్లిపాదీ ఆమెను అలాగే పిలుస్తారు.

"సార్, జర ఒక్క మాట. లోలా నా పక్కనే కూసున్నది, అడుగుమంటున్నది. ఆ రోజు మా మేడమ్ నిన్ను ఉమ్మి పెట్టమన్నదా, లేదా?"

"పాపకేమైంది?"

"దవాఖానల ఉన్నది. జరం, ఒకటే దగ్గు. ఫికర్ లేదన్నడు డాక్టరు. కానీ ఇంట్ల పరేషాన్ అయితుంది సార్. నేను అడిగిన అంటది మేడమ్. ఈమె నమ్ముతలేదు."

అడిగిందని చెబితే, మరి ఎందుకు పెట్టలేదంటారు. అప్పుడు జ్వరం సంగతి చెప్పాలి.

"లేదమ్మా, ఆవిడేమీ అడగలేదు."

"అట్లనా" అంది ఆయమ్మ. ఫోన్ పెట్టేయడం మరిచిపోయి, అటు తిరిగి లేదని చెప్పింది. ఒక ముసలి గొంతు ఏదో గట్టిగా అంది. 

పాప అయిదు రోజులకు ఇంటికొచ్చింది. తర్వాతి నెల క్లబ్‌హౌస్‌లో వరుస సర్దుతుంటే, మొదటి కుర్చీలో పాపను ఒళ్ళో పెట్టుకుని లోలా కూర్చుంది. తల్లి గోడ పక్కన పళ్ళాలు పట్టుకుని నిలబడింది. ఆమెను ఫ్రేములోకి రమ్మన్నాను. లోలా తల అడ్డంగా ఊపింది. ఆ పై నెలా అంతే; ఆ ఏడాది అంతకంటే చిన్న బిడ్డ ఇంకెవరింటా పుట్టలేదు. ఆ ఫొటోలు ఇప్పుడు వరసగా చూస్తే పాప పెరుగుతుంటుంది, కూర్చోవడం నేర్చుకుంటుంది, పళ్ళొస్తాయి. గోడ పక్కన, ఫ్రేము అంచున సగం తెగిన ఒక భుజం మాత్రం కదలదు.

నేను అబద్ధమాడానని ఆమెకు తెలుసు. లోకంలో ఆమెకొక్కదానికే తెలుసు. అడిగాను కదా అని ఒక్క మాట అనలేదు. ప్రతి నెలా ఫొటోలయ్యాక నా కోసం ఒక పళ్ళెంలో అన్నం, కూర పెట్టి తెచ్చి, మూత పెట్టి, నా సంచి పక్కన ఉంచి వెళ్ళేది. ఆ అన్నం నేను తినేవాణ్ణి.

పాప మొదటి పుట్టినరోజున బెలూన్లు కట్టారు, ఆయుష్షు కోసం పొడవాటి నూడుల్స్ వండారు. వరుస కూర్చుంది. లోలా ఒళ్ళోంచి పాప గోడ వైపు చేతులు చాపి ఏడుస్తోంది. నేను వంగి నుదుటి మీద ఊదబోయి ఆగిపోయాను. నా వెనక ఆయమ్మ మెల్లగా అంది.

"అందర్ని నవ్వుమంటవు గద సార్, ఆమెను గూడ జర నవ్వుమను. ఆ దినం సంది నలుగుట్ల బిడ్డను ఆమె చేతికి ఇయ్యదు ముసలామె. తల్లికి ఆ మాత్రం జాగర్త లేదంటది."

కెమెరా మెడలోంచి తీసి కుర్చీ మీద పెట్టాను. లోలా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. మీ కోడలు అడిగింది. పాదం పట్టుకుని అడిగింది. ఆ రోజు నాకు జ్వరం. దాచి వచ్చాను, పాప ముఖం మీద ఊదాను. ఫోనులో మీకు అబద్ధం చెప్పాను.

పాట ఆగింది.  లోలా చెయ్యి చాపి, వేళ్ళ వెనక వైపు నా నుదుటికి ఆనించింది.

"ఇవాళ ఉందా?"

"లేదు."

ఆమె లేచింది. పాపను ఎత్తుకుని గోడ దాకా నడిచి, తల్లి చేతుల్లోని పళ్ళాలు తాను అందుకుని, పాపను ఆ చేతుల్లో పెట్టింది. తల్లి వచ్చి కిటికీ పక్కన మొదటి కుర్చీలో కూర్చుంది. తెల్లటి తెర ఒకసారి ఉబ్బి వెనక్కి వాలింది. పాప ఏడుపు మానేసింది.

నేను మోకాళ్ళ మీదే ఆమె వైపు తిరిగాను. ఇంగ్లీషు గుర్తు రాలేదు. తెలుగులోనే అన్నాను.

"మీరు అడిగారమ్మా. రెండుసార్లు అడిగారు. నేను విన్నాను. నన్ను క్షమించండి."