నూనె తాగిన బందూకు

కాలేజీలో చదివిన నాలుగేళ్లూ నా తలకు సరిగ్గా నూనె దొరకలేదు. అవి యుద్ధం రోజులు, నిజమే. కానీ మా ఇంట్లో సీసా నిండుగా వచ్చేది, నా వంతు వచ్చేసరికి అడుగంటేది. నా జుట్టు చూసి లెక్చరర్లు నన్ను తత్వవేత్త అనుకునేవారు. నేను కాదనలేదు.

నూనె తాగింది మా బాపు బందూకు. ఆయన చార్మినార్‌కు కాస్త దూరంలో ఒక నవాబుగారి దేవిడీ గేటు దగ్గర కావలి. బందూకు దేవిడీదే. తూటాలివ్వడం నేను పుట్టకముందే మానేశారు. దానికి మిగిలిన పని ఒక్కటే: నవాబుగారి మోటారు గేటు దాటినప్పుడల్లా బందూకు అడుగున ఉండే చెక్క మడమను బండ మీద దబ్బున కొట్టడం. చప్పుడెంత గట్టిగా వస్తే అంత మర్యాద. ఆ లెక్కన బాపు చాలా మర్యాదస్తుడు. ముప్పై ఏళ్ల మర్యాదకు మడమ కింది ఇనుప రేకును పట్టి ఉంచే రెండు స్క్రూల బెజ్జాలూ అరిగిపోయాయి. వేళ్లతో తిప్పితే స్క్రూలు ఊడి వచ్చేవి.

నా చదువు ముగిసిన ఏడు కావలివాళ్ల మీద అజమాయిషీకి కొత్త దారోగా వచ్చాడు. సోమవారం తనిఖీ అనీ, బందూకు సరిగ్గా లేనివాడు ఇంటికి పోవచ్చుననీ కబురు చేశాడు. బాపుకు అరవై దగ్గరపడ్డాయి. ఇంకో పని రాదు. నాకు డిగ్రీ ఉంది, అంటే నాకూ రాదు.

శనివారం టేకు పుల్లలు చెక్కి, వడ్రంగులు వాడే జిగురు పూసి, బెజ్జాల్లో దిగ్గొట్టాను. ఆదివారం పొద్దున స్క్రూ బిగిస్తే పుల్ల కూడా దానితో పాటే తిరిగింది. లాగితే శుభ్రంగా బయటికొచ్చింది.

బందూకు పట్టుకుని ఇద్దరం వీధి చివరి వడ్రంగి దగ్గరికి వెళ్లాం. ఆయన బెజ్జం మీద వేలు రాసి వాసన చూశాడు.

"దీన్ని గిట్ల వేయించిన్రేంది? మస్తు నూనె తాగింది. గిసొంటి కట్టెకు జిగురు పట్టది."

"ప్రతి శుక్రవారం పట్టించిన," అన్నాడు బాపు, మెచ్చుకుంటాడేమోనని. "బెజ్జాలల్ల గూడ పోసిన."

"గందుకే. మడమ కోసి కొత్త చెక్క అతకాలె. అతికినంక వారం దాక కదపొద్దు."

"రేపే తనిఖీ, భాయ్."

"అయితే మెల్లగ కొట్టన్నా. కొత్త పెండ్లికూతురు అడుగేసినట్టు."

వెదురు పేళ్లు కుక్కి, స్క్రూలు ఎలాగో నిలబెట్టి పంపాడు. దారి పొడుగునా బాపుకు నేను చెప్పింది ఒక్కటే మాట, మెల్లగా అని. ఆయన ప్రతిసారీ తల ఊపాడు.

సోమవారం నేను దేవిడీ ఎదుటి అరుగు మీద నిలబడి చూశాను. మోటారు వచ్చింది. మిగతా కావలివాళ్లు కొట్టవలసినంత కొట్టారు. బాపు అందరికంటే గట్టిగా కొట్టాడు. ముప్పై ఏళ్లలో మెల్లగా కొట్టడం ఆయన నేర్చుకోలేదు, ఆ ఒక్క పూటకు నేర్చుకుంటాడనుకోవడం నా చదువు చేసిన పని. రేకు ఊడి, బండల మీద జారుతూ పోయి, దారోగా బూటు దగ్గర ఆగింది. దారోగా చేతిలోని కాగితం మీద చిన్న గీత గీశాడు.

బందూకు అక్కడే అప్పజెప్పి, మధ్యాహ్నానికి బాపు ఇల్లు చేరాడు. చొక్కా విప్పకుండానే గూట్లోని నూనె సీసా తీసి నా ముందు పెట్టాడు.

"నెత్తికి పెట్టుకోరా. ఇగ దానికి అక్కర్లేదు."