మరచెంబుతో మహాబలిపురం

పుత్తూరులో మా మిద్దె మీద నిలబడితే శ్రీహరికోట నుంచి లేచే రాకెట్లు కనిపిస్తాయి. మేమంతా తలలెత్తి రాకెట్టును చూస్తుంటే, మా అత్త మాత్రం అది లేచిన దిక్కునే చూస్తూ ఉంటుంది. "దాని కిందనే కదా మే సముద్రం ఉండేది?" అని ప్రతిసారీ అడుగుతుంది. చెనక్కాయ చేలు, పాడి ఆవులు, పిల్లల చదువులు అంటూనే ఆమెకు వయసైపోయింది. ఇంత దగ్గరున్న సముద్రాన్ని ఒక్కసారి కూడా చూడలేదు. ఇప్పుడు మిద్దె మెట్లెక్కడమే కష్టమవుతోంది. "ఆ నీళ్ళల్లో ఒకసారి కాళ్ళు పెట్టి రావాల. ఇంగ ఆలస్యమైతే ఈ మోకాళ్ళు నన్ను యాడికీ పోనీవు" అని మొన్న వేసవిలో ఆమె అంటే నాకు మనసు చివుక్కుమంది.

మా ఆయన శ్రీ సిటీలో ఫ్యాక్టరీ ఉద్యోగి. ఆయనకు సెలవు దొరికిన రోజు చూసి మహాబలిపురంలో గది బుక్ చేశాను. లైట్‌హౌస్ ఎక్కడం, రాతి రథాలు చూడడం, గవ్వల దండలు కొనడం, ఇసుకలో కూర్చుని వేడివేడి చేపల వేపుడు తినడం, అన్నీ ముందే అనుకున్నాను. అత్త మాత్రం చిత్రాన్నం మూట, నీళ్ళు నింపిన ఇత్తడి మరచెంబు పట్టుకుని కారెక్కింది. నీళ్ళ సీసాలు ఇన్ని ఉండగా ఈ బరువెందుకని విసుక్కున్నాను.

"మూత బిగిస్తే ఇది సుక్క కారదు. నువ్వూ కాసేపు నోరు బిగించు" అంది. మా ఆయన కిసుక్కున నవ్వాడు. ఆయనకు తల్లి ఏమన్నా నవ్వే.

తీరం చేరగానే అత్త నిలబడిపోయి, రెండు చేతులూ జోడించింది. కళ్ళు తుడుచుకుంది. నాకు గర్వంగా అనిపించింది. చెయ్యి పట్టుకుని నీళ్ళ వైపు నడిపించాను. తడి ఇసుక మొదలయ్యే చోట ఆమె టక్కున ఆగింది.

"ఈ పొద్దు ఏం తిథి మే?"

ఫోనులో చూసి దశమి అని చెప్పాను. అత్త రెండడుగులు వెనక్కి వేసింది. సముద్రాన్ని అమావాస్యకో పున్నమికో తప్ప తాకకూడదని మా పెద్దల పట్టింపు. నేను ఎండ చూశాను, గది అద్దె చూశాను, మా ఆయన షిఫ్టు చూశాను. తిథి చూడలేదు.

"ఏం గాదులేమ్మా, దా" అన్నాడు మా ఆయన.

"నువ్వూరకుండు నాయనా" అని ఆమె పొడి ఇసుకలో తువ్వాలు పరుచుకుని కూర్చుంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. మా ఆయనను ఆమె దగ్గర కూర్చోబెట్టి, ఆ కోపంతోనే వెళ్ళి లైట్‌హౌస్ ఎక్కాను. పైనుంచి అంత సముద్రం కనిపిస్తున్నా, నా కళ్ళు ఇసుకలోని ఆమె ఎర్రచీరనే వెతికాయి. కిందికొచ్చి చేపల వేపుడు కొన్నాను. రుచే తెలియలేదు.

సాయంత్రం ఆమె దగ్గరికి వెళ్ళేసరికి అలలు ముందుకొచ్చాయి. అల వచ్చినప్పుడల్లా అత్త కాళ్ళు ముడుచుకుంటోంది. అది పోయాక మళ్ళీ ఆశగా చూస్తోంది. చూడలేకపోయాను. దూరంగా పడవ లాగుతున్న వాళ్ళను చూపించి, "వాళ్ళు రోజూ దిగతా ఉండారు. వాళ్ళకు లేని తప్పు నీకేందత్తా?" అన్నాను.

"వాళ్ళకు ఇది ఇల్లు మే. మనం సుట్టాలం. సుట్టాలు మంచి రోజు సూసుకోని రావాల."

ఆ మాటతో నాకు మా ఇంటి గడప గుర్తొచ్చింది. ఎవరు ఏ వేళప్పుడు వచ్చినా, అత్త ముందు చెంబుతో నీళ్ళిస్తుంది. కాళ్ళు కడుక్కున్నాకే లోపలికి పిలుస్తుంది. మరచెంబులో మిగిలిన నీళ్ళు ఒంపేసి, చీర తడిసినా లెక్కచేయక అలల్లోకి దిగి నింపుకొచ్చాను.

"మనింటికి సుట్టాలొస్తే నువ్వు తిథి అడగతావా? కాళ్ళకు నీళ్ళిస్తావు. ఇవి సముద్రుడు ఇచ్చిన నీళ్ళు. కాళ్ళు సాపు."

అత్త చెంబు వైపు చూసింది, సముద్రం వైపు చూసింది. కుచ్చిళ్ళు కాస్త ఎత్తి కాళ్ళు చాపింది. పగిలిన మడమల మీద నెమ్మదిగా నీళ్ళు పోశాను. తడి వేలు నాలుకకు తాకించుకుని, "నిజంగానే ఉప్పు!" అని చిన్నపిల్లలా నవ్వింది. ఆమె అంటే నాకు ఎంత ఇష్టమో ఆ నవ్వు చూసినప్పుడు తెలిసింది. ఈపాటి భాగ్యం చాలనుకుని చెంబుకు మూత బిగించాను. లేవడానికి ఆమె చెయ్యి చాపితే పట్టుకుని లేపాను.

"ఇంగ గదికి పోదామా అత్తా?"

"గదికేంది మే? కాళ్ళు కడుక్కున్నాంక సుట్టాలు గడప బయటనే నిలబడతారా?" అని, నా భుజం గట్టిగా పట్టుకుని నీళ్ళలోకి నడిచింది.