గోరు మీద పదును

సానమ్మ నోటికి భయపడని మగాడు ఆ వీధిలో లేడు. భయపడరా మరి! పొద్దున షట్టరు ఎత్తింది మొదలు సాయంత్రం దించేదాకా ఆవిడ చేతిలో ఎవరిదో ఒక కత్తి ఉంటుంది, నోట్లో ఎవరికో ఒక తిట్టు ఉంటుంది. తోలు సంచులు చేసే ఫ్యాక్టరీ గేటుకి సరిగ్గా ఎదురుగా ఆవిడ గది. కిటికీ లేదు. గోడకి వరసగా పన్నెండు మేకులు, ఒక్కో మేకుకీ ఒక్కో కట్టరు కత్తి. శనివారం పని దిగాక కట్టర్లు వచ్చి కత్తులు తగిలించి పోతారు. ఆదివారమంతా ఆవిడ సాన పడుతుంది. సోమవారం సైరను కూయకముందే ఎవరి కత్తి వాళ్ళు పట్టుకుపోతారు. తోలు కొయ్యడం ఎవడికి వాడు సొంత కత్తితోనే. ఒకడి చెప్పుల్లో ఇంకొకడు కాళ్ళు పెడితే ఊరుకుంటారేమో గానీ, కత్తి ముట్టుకుంటే మాత్రం పళ్ళు రాలతాయి.

కత్తి తీసుకునేటప్పుడు వాళ్ళకో పద్ధతుంది. ఎడమచేతి బొటనవేలి గోరు మీద అంచు ఆనించి చూస్తారు. పదునుంటే గోరుకి పట్టుకుని ఆగుతుంది. లేకపోతే జారిపోతుంది. పన్నెండుమందిలో పదకొండుమంది ఆవిడ కళ్ళెదుటే గోరు మీద చూసుకునేవాళ్ళు. చూడనివాడు ఒక్కడే, ఆవిడ మరిది.

ఎందుకు చూడడో చెప్పాలి. ఆ గది మొదట ఆవిడ మొగుడిది. పద్నాలుగేళ్ళ కిందట ఒకరోజు సాన రాయి తిరుగుతూ తిరుగుతూ ఢామ్మని పగిలింది. అరచేతంత ముక్క వచ్చి ఆయన గుండెల మీద గుద్దింది. ఈవిడ టిఫిను డబ్బాతో గుమ్మంలోకి అడుగుపెట్టేసరికి మనిషి గోడకి జారగిలబడి ఉన్నాడు, చొక్కా ముందరంతా నెత్తురు, మోటారు మాత్రం తిరుగుతూనే ఉంది. ముందు మోటారు ఆపింది, తర్వాత ఏడ్చింది. నెల తిరక్కుండా కొత్త రాయి బిగించి తనే పీట మీద కూర్చుంది.

ఒక్కడూ కత్తి ఇవ్వలేదు. ఆడమనిషికి సాన ఏం తెలుస్తుందని గేటు దగ్గర నవ్వుకున్నారు. అప్పుడు మరిది వచ్చి తన కత్తి ఆవిడ ఒళ్ళో పెట్టాడు. రాయికి ఏ వాలులో పట్టాలో, నీళ్ళు ఎప్పుడు చిలకరించాలో, చుట్టూ పదిమంది చూస్తుండగా చెప్పాడు. ఆవిడ చెప్పినట్టే పట్టి ఇచ్చింది. వాడు గోరు మీద చూడకుండానే ఒరలో దోపుకున్నాడు. "చూసుకోవేంట్రా?" అన్నాడు ఎవడో. "మా వదిన పట్టాక చూసేదేముంది!" అన్నాడు. మర్నాటికి పన్నెండు మేకులూ నిండాయి. అప్పట్నుంచి వాడు ఎన్నడూ గోరు మీద చూసుకోలేదు. అది వాడి మర్యాద.

సానమ్మకి తమ్ముడొకడున్నాడు. అమ్మ పోయాక ఈవిడే పెంచింది. వాడికి కత్తి పట్టడం నేర్పింది కూడా మరిదే. ఇద్దరూ పక్కపక్క బల్లల మీద తోలు కోసేవాళ్ళు, పక్కపక్క మేకులకి కత్తులు తగిలించేవాళ్ళు. బావా బామ్మర్దులంటే ఇలా ఉండాలని అందరూ అనేవాళ్ళు. అన్నన్నాళ్ళు అన్నారు.

ఫ్యాక్టరీకి మెషీను వచ్చింది. ఒక్క దెబ్బకి పది ముక్కలు కోసే మెషీను. నెలాఖరుకి పన్నెండుమంది కట్టర్లలో నలుగురు చాలని మేనేజరు చెప్పించాడు. ఆ నలుగురెవరో మీలో మీరే తేల్చుకోండి, లేదంటే నేను తేలుస్తానన్నాడు. మహానుభావుడు, నిప్పు ఊరివాళ్ళ ఇంట్లో పెట్టి తను గేటేసుకుని కూర్చున్నాడు.

ఆదివారం పొద్దున్నే కట్టర్ల హాల్లో జనం కూడారు. ఒకప్పుడు కట్టర్లే తలో చెయ్యీ వేసి కట్టుకున్న హాలు అది. రిటైరైన మాస్టారు బల్ల ముందు కూర్చున్నాడు. టీకొట్టు బాబాయి లేచాడు. "ఎనిమిదిమంది పోతే ఎనిమిది గ్లాసులు తగ్గుతాయనుకోకండి. ఎనిమిది కుటుంబాలు ఊరొదిలి పోతాయి. ఇప్పటికే బడిలో రెండు క్లాసులు కలిపేశారు. ఇంకో ఏడాదికి బడే ఎత్తేస్తారు."

"ఇళ్ళు ఖాళీ అయితే నా గతేంటి?" అంది నాలుగు వాటాల ఇంటావిడ.

"ముందు అద్దె తగ్గించు తల్లీ, తర్వాత ఏడుద్దువుగాని!" అన్నారెవరో. హాలంతా నవ్వింది. నవ్వు అదే ఆఖరు.

మరిది లేచాడు. "నలుగురి పని పన్నెండుమందిమీ పంచుకుందాం. తలా వారానికి రెండ్రోజులు. కడుపు నిండదు, నిజమే. కానీ ఎవడూ ఊరొదలక్కర్లేదు."

"రెండ్రోజుల కూలితో ఇల్లు నీది గడుస్తుందేమో బావా, నాది గడవదు," అన్నాడు తమ్ముడు. "ఇద్దరు పిల్లలు నాకు. చేతనైనవాళ్ళు ఉంటారు, చేతకానివాళ్ళు వేరే పని వెతుక్కుంటారు. అంతే."

"చేతకానివాడెవడ్రా?"

"నీ కళ్ళజోడునడుగు, చెప్తుంది. అక్క సాన పట్టి చేతికిస్తోంది కాబట్టి నెట్టుకొస్తున్నావు."

"నీకు కత్తి పట్టడం నేర్పినందుకు నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలి!"

"నీకెందుకు శ్రమ, నేను కొడతాగా!" అంటూ తమ్ముడు ఇనప కుర్చీ ఎత్తి విసిరాడు. అది మరిది కనుబొమ మీద తగిలింది. కళ్ళజోడు పగిలింది, చర్మం చీలింది, కంట్లోకి నెత్తురు దిగింది. నెత్తురు కంటితోనే వాడు బల్ల దాటి దూకి తమ్ముడి జుట్టు పట్టుకుని తలని గోడకేసి కొట్టాడు. ఒకసారి, రెండుసార్లు, మూడోసారికి గోడ సున్నం రాలింది. ఇక హాల్లో ఎవడు ఎవణ్ణి కొడుతున్నాడో తెలియలేదు. పంచుకుందామన్నవాళ్ళు, వద్దన్నవాళ్ళు, ఎటూ కానివాళ్ళు, పాత కక్షలున్నవాళ్ళు, అందరూ అందరినీ కొట్టారు. బెంచీ కాలు విరిచి ఒకడు ఇంకొకడి మోకాలు పగలగొట్టాడు. మాస్టారిని బల్లతో సహా తోసేశారు.

సానమ్మ మధ్యలోకి దూరింది. "ఆగండ్రా వెధవల్లారా, నా ఒక్కదాని ప్రాణం తీయడానికి మీరిద్దరూ పుట్టారా!" అని అరుస్తుండగానే మోచెయ్యి ఒకటి వచ్చి మూతి మీద పడింది. ముందు పన్ను విరిగి నాలుక మీదకొచ్చింది. అది అరచేతిలోకి ఉమ్మి, ఆ చేత్తోనే ఇద్దరినీ చెరోపక్కకి నెట్టింది.

ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని లాక్కుపోతుంటే తమ్ముడు అరిచాడు. "పేగులు తీస్తాను బావా, గుర్తుపెట్టుకో!"

"రేపు నీ పక్క బల్ల దగ్గరే ఉంటానురా! నరుకుతాను!" అని అరిచాడు మరిది.

ఇద్దరూ ఒకే మాటన్నారు. ఆవిడ చెవిలో మాత్రం రెండోదే మిగిలింది.

మధ్యాహ్నం ఆవిడ గదికొచ్చి పీట మీద కూర్చుంది. సాయంత్రానికల్లా పదకొండు కత్తులు ఎప్పటిలాగే పట్టింది, తమ్ముడిదీ అందులో ఉంది. చివర మరిది కత్తి దించింది. పొద్దున ఎనిమిదింటికి ఇద్దరూ పక్కపక్కనే నిలబడతారు, చేతుల్లో కత్తులతో.  కత్తిని మామూలుగానే పట్టింది, తుడిచింది. తర్వాత అంచుని రాయి పక్కకి నిలువుగా ఆనించి ఒక్కసారి లాగింది. పదును చచ్చింది. మెరుపు పోకుండా మళ్ళీ గుడ్డతో రుద్దింది. ఒక్కరోజు, అనుకుంది. సోమవారం సగం పూటకే మొద్దని తెలుస్తుంది, సాయంత్రం వచ్చి నన్ను తిడతాడు, తిట్టించుకుంటాను, ఈలోపు కోపం దిగుతుంది. ఎంత తెలివి తల్లీ! పద్నాలుగేళ్ళు కత్తులతో కాపురం చేసి, మొద్దు కత్తే మనిషిని ఎక్కువ కోస్తుందని కట్టరు పిల్లలకి తనే వెయ్యిసార్లు చెప్పి, ఆ పూట ఆ ముక్క మరిచిపోయింది.

సోమవారం తమ్ముడు ముందొచ్చాడు. తల వెనక వాపు. గోరు మీద చూసుకుని, "పన్నెలా ఉందక్కా?" అనైనా అడక్కుండా పోయాడు.

సైరనుకి రెండు నిమిషాల ముందు మరిది వచ్చాడు. కనుబొమకి ప్లాస్టరు, పాత కళ్ళజోడుకి దారం. "నిన్న నా మోచెయ్యే తగిలింది వదినా. రాత్రంతా నాకు నిద్ర లేదు. తప్పయిపోయింది," అన్నాడు.

"పన్నుదేముందిలే. నీ కోపం తగ్గిందా?"

"వాడి మీద కోపమేంటి వదినా, వాణ్ణి ఎత్తుకు తిప్పినవాణ్ణి. భోజనం వేళకి నేనే పలకరిస్తాను." మేకు మీంచి కత్తి తీసుకున్నాడు. గోరు మీద చూడలేదు. ఒరలో దోపుకున్నాడు.

ఆగరా, ఇటివ్వు, రెండు నిమిషాల్లో పట్టిస్తాను అని ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది. చెప్తే ఎందుకని అడుగుతాడు. నిన్ను హంతకుడనుకున్నానని ఏ మొహంతో చెప్తుంది? సైరను కూసింది. వాడు పరిగెత్తాడు. ఒక్కరోజేగా అనుకుని ఆవిడ పీట మీద కూలబడింది.

లోపల మేనేజరు బల్లల ముందు నిలబడి ఉన్నాడు. నిన్నటి గొడవ ఆయన చెవిన పడింది. నెలాఖరు దాకా ఎదురుచూసేది లేదు, ఇప్పుడే తేల్చేస్తానన్నాడు. తలా ఒక తోలు, ఎవరి కత్తి వాళ్ళది, గంట సమయం. శుభ్రంగా కోసిన నలుగురూ ఉంటారు.

మరిది మొదటి కోత ఎప్పుడూ వెన్ను మీదే, తోలు అన్నిటికన్నా మందంగా ఉండే చోట. కత్తి పెట్టి లాగాడు. తెగలేదు. వదిన పట్టిన పదును మీద వాడికి అనుమానమే రాలేదు. నా చేతిలోనే బలం లేదనుకుని ఒంటి బరువంతా వేసి నొక్కాడు. కత్తి ఎగిరింది. తోలు పట్టుకున్న ఎడమ అరచేతిని ఈ చివర్నించి ఆ చివరికి ఎముక దాకా చీల్చుకుపోయింది. శుభ్రంగా తెగుంటే కుట్టేవాళ్ళు, ఇది చింపింది. ఆ కేక సానమ్మ గదిలోకి వినిపించింది. ఎవరి కేకో తెలిసింది. తమ్ముడు చంపేశాడనుకుని గేటు దగ్గరికి పడుతూ లేస్తూ పరిగెత్తింది. ఎదురుగా ఇద్దరు మరిదిని మోసుకొస్తున్నారు, దారి పొడుగునా నెత్తురు. తలుపు దగ్గర తమ్ముడు చేతులు జారేసుకుని నిలబడి ఉన్నాడు. వాడి కత్తి మీద తోలు దుమ్ము తప్ప ఏమీ లేదు. ఆవిడకి అక్కడే అర్థమైంది.

నరాలు తెగాయి, నాలుగు వేళ్ళూ ఇక మడవలేడని డాక్టరు చెప్పాడు. నలుగురిలో తమ్ముడికి చోటు దొరికింది. టీకొట్టు దగ్గర మాట మారిపోయింది. సానమ్మ మరిది ముసలాడైపోయాడు, చూపు ఆనడం లేదు, వాడు చెప్పినట్టు పని పంచుకునుంటే సంచులన్నీ పాడయ్యేవి అన్నారు. పంచుకుందాం అన్న మాట మళ్ళీ ఎవడూ ఎత్తలేదు. సానమ్మ అన్నీ వింది. తిట్టడం మానేసింది.

మూడు వారాలకి మరిది వచ్చాడు. ఎడమచెయ్యి కట్టులో ఉంది. కుడిచేత్తో కత్తి రాయి పక్కన పెట్టాడు. "నాకెందుకిక. ఎవరికైనా ఇచ్చెయ్ వదినా. నీ పదును మీద కూడా బరువేశానంటే, వాడన్నది నిజమే. చేతకానివాణ్ణే అయిపోయాను."

ఆ మాట ఆవిడ తట్టుకోలేకపోయింది. "నువ్వు కాదురా! నేను. నేనే మొద్దు చేశాను. నువ్వు వాణ్ణి నరుకుతావని భయపడి అంచు చంపేశాను!" అని రెండు చేతులతో నెత్తి కొట్టుకుంది. "కొట్టు నన్ను. చంపెయ్!"

 వాడు మోటారుని కాలితో ఒక్క తన్ను తన్నాడు. సాన రాయి ఊడి గోడకి తగిలి రెండు ముక్కలైంది. మేకుల మీంచి కత్తులు గలగలా రాలాయి. ఆవిడ కదల్లేదు. వాడు తన కత్తి తీసుకున్నాడు. కట్టు కట్టిన తన ఎడమచేతి వంక చూసుకున్నాడు, అందులో గోరు బయటికి లేదు. వంగి ఆవిడ ఎడమచెయ్యి లాక్కుని, ఆవిడ బొటనవేలి గోరు మీద అంచు ఆనించాడు. పద్నాలుగేళ్ళలో మొదటిసారి.

కత్తి జారిపోయింది.

"మరి వాడిది?" అన్నాడు.

సానమ్మ తల దించుకుంది. "పదునుగానే ఇచ్చాను."

వాడు ఆవిడ చెయ్యి వదిలేశాడు.

"కుర్చీ విసిరింది వాడు కదా వదినా," అన్నాడు.