గుమ్మం బయట బూట్లు

మా మేనల్లుడు కుళాయిలు బాగుచేస్తాడు. పరాయి దేశంలో పదకొండేళ్లుగా అదే పని. ఎవరింటికి వెళ్లినా ముందు బూట్లు గుమ్మం బయట విడుస్తాడు. కంపెనీ దృష్టిలో అది నేరం! పని చేస్తున్నంతసేపూ ఇనుప ముక్కు బూట్లు కాళ్లకు ఉండి తీరాలట. అప్పటికే రెండు హెచ్చరికలు అందాయి. మూడోది వస్తే ఉద్యోగం ఊడినట్టే.

నేను వాళ్లింట్లో దిగిన వారానికే వచ్చింది.

పధ్నాలుగో అంతస్తులో, ఒకావిడ వంటగది సింకు కింద దూరి వీడు పైపు బిగిస్తున్నాడు. ఎదురింటాయన తలుపు తీసి చూస్తే బూట్లున్నాయి, మనిషి లేడు. ఎవరో కిటికీలోంచి దూకేశారని తేల్చేసుకుని, బూట్లు సాక్ష్యంగా చేతబట్టుకుని అలారం మోగించాడు. ఏడు ఫైరింజన్లు వచ్చాయి. నాలుగొందల మంది వీధిన పడ్డారు. ఒకాయన ఒంటినిండా సబ్బు నురగతోనే దిగాడు. మావాడూ మేజోళ్లతో దిగి, "ఎవరండీ దూకింది?" అని అందరినీ అడిగాడు!

మర్నాడు ఆఫీసుకు నేనూ వెంట వెళ్లాను. సూపర్‌వైజరు కాగితం ముందుకు తోశాడు.

"సంతకం పెట్టి, పానాలు అప్పగించి వెళ్లు."

"మురుగు తొక్కిన బూట్లతో ఒకరి వంటింట్లోకి ఎలా వెళ్లను సార్? మీ ఇంట్లోకి అలా వస్తే ఊరుకుంటారా?"

"రూలంటే రూలే."

"పోనీ, బూట్ల మీద గుడ్డ తొడుగులు వేసుకుంటాను. ఇంట్లో కుట్టించుకుంటాను."

ఆయన నెల గడువిచ్చాడు. నెల తిరిగేసరికి కంపెనీలో అందరి కాళ్లకూ తొడుగులే! ఉద్యోగం నిలిచింది. సభ పెట్టి, అంత గొప్ప ఆలోచన చేసినందుకు ఫ్రేము కట్టిన సర్టిఫికెట్టు ఇచ్చారు. ఎవరికి? సూపర్‌వైజరుకి!

సభలో వాడి పక్కనే కూర్చున్న నాకు ఒళ్లు మండిపోయింది. "నోట్లో బెల్లంముక్క పెట్టుకు కూర్చున్నావేంరా?"

"ఊరుకో మామయ్యా, నీకు దణ్ణం పెడతాను. ఉద్యోగం మిగిలింది, చాలు."

వాడు ఊరుకుంటాడు. నేనెందుకు ఊరుకుంటాను? చిన్నప్పుడు కాన్వెంటు సిస్టర్లు బెత్తంతో నేర్పిన ఇంగ్లీషంతా కూడగట్టుకుని లేచాను.

"అయ్యా, ఆ తొడుగులు మావాడి భార్య పాత కర్టెన్ చింపి కుట్టింది. ఆలోచన మావాడిది. మీరు చేసిందల్లా వాడి ఉద్యోగం పీకబోవడం!"

మావాడు నా చొక్కా పట్టి లాగుతున్నాడు. సూపర్‌వైజరు ముఖం మాడ్చుకున్నాడు గానీ, చంకలో ఫ్రేము మాత్రం వదల్లేదు.